గండిపేట నుంచి అంబర్‌పేట దాకా

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు కోరారు. చరిత్ర అనగానే రాజులు, కోటలు, యుద్ధాలు గుర్తుకొస్తాయి. వాటిని గురించి సాధికారంగా రాయగల పెద్దలు మన సభ్యులలోనే చాలామంది ఉన్నారు. నేను ముప్పై మూడేళ్ళ ఉద్యోగంలో ఎక్కువ కాలం నేల కింద వేసిన గొట్టాలతో గడిపినవాణ్ణి. నీళ్ళు ఇంటికి ఎలా వచ్చాయి, వాడిన నీళ్ళు ఇంటి నుంచి ఎలా పోయాయి అన్నదే నాకు తెలిసిన చరిత్ర. పాఠ్యపుస్తకాల్లో దీనికి పెద్దగా చోటు దొరకలేదు కనుక మన పత్రికలో నాలుగు మాటలు రాస్తున్నాను.

గండిపేట నీళ్ళు తాగినవాడు హైదరాబాదు విడిచిపోడని ఒక నానుడి ఉంది. మనలో చాలామంది ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం కనుక అది నిజమేననిపిస్తుంది. అయితే ఆ గండిపేట నీరే మన వంటింట్లోంచి, స్నానాల గదిలోంచి, మరుగుదొడ్డిలోంచి బయటికి వెళ్ళి, ఊరికి తూర్పున ఉన్న అంబర్‌పేట వైపు చేరేది. అంబర్‌పేట మీద మాత్రం ఎవరూ నానుడి కట్టలేదు. నీళ్ళు తేవడం పుణ్యకార్యమనీ, మురుగు పంపడం ఎవరో చేయవలసిన పని అనీ అనుకోవడం మనకు అలవాటైపోయింది. నిజానికి ఇవి ఒకే పనిలో రెండు సగాలు. మొదటి సగం చేసి రెండో సగం వదిలేసిన చోటల్లా జనం చచ్చిపోయారు. ఈ ఒక్క విషయాన్ని కొన్ని ఉదాహరణలతో మనవి చేస్తాను.

మన పూర్వులకు ఇది తెలియని సంగతి కాదు. సుమారు 4500 ఏళ్ళ కిందటి మొహెంజొదారోలో ఇంటింటికీ స్నానపు గది, దాని నీరు పోవడానికి ఇటుకల కాలువ, ఆ కాలువల మీద మూతలు, అక్కడక్కడ మట్టి తీయడానికి గుంటలు ఉన్నట్లు తవ్వకాలలో బయటపడింది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో వీధిలో చెత్త పోసినవాడికీ, బురదనీరు నిలిచేలా చేసినవాడికీ వేర్వేరుగా జరిమానాలున్నాయి. చెత్తకన్నా నిలవనీటికే జరిమానా ఎక్కువ! మన ప్రాంతానికి వస్తే, గోల్కొండ కోటకు దుర్గం చెరువు నుంచి నీరు తెచ్చి, అంచెలంచెలుగా పైకి చేది, మట్టి గొట్టాల ద్వారా అంతఃపురాలకు పంపేవారు. ఆ గొట్టాల ముక్కలు కోట గోడల్లో ఇప్పటికీ చూడవచ్చు.

రెండు సగాలను విడదీస్తే ఏమవుతుందో ప్రపంచానికి చెప్పిన ఊరు లండన్. అక్కడ 19వ శతాబ్దం మొదటి సగంలో కలిగినవారి ఇళ్ళలో నీళ్ళతో కడిగే మరుగుదొడ్లు వచ్చాయి. ఇంట్లో వాసన పోయింది, అందరూ సంతోషించారు. కాని ఆ నీరంతా పోయింది థేమ్స్ నదిలోకి. తాగడానికి నీళ్ళ కంపెనీలు తోడుకున్నదీ అదే నదిలోంచి. ఫలితం కలరా. 1854లో బ్రాడ్ స్ట్రీట్ అనే వీధి చుట్టుపక్కల వందల మంది చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు మరణించినవారి ఇళ్ళను లెక్కవేసి, వారిలో ఎక్కువమంది ఆ వీధిలోని ఒకే పంపు నీరు తాగినట్లు తేల్చాడు. ఆయన మాట మీద పంపు పిడి ఊడదీశారు. ఆ రోజుల్లో పెద్ద వైద్యులందరూ చెడుగాలి వల్ల కలరా వస్తుందని నమ్మేవారు. స్నో మాటను చాలాకాలం ఒప్పుకోలేదు.

ఆ తరువాత 1858 వేసవిలో థేమ్స్ నది కంపు ఎంత పెరిగిందంటే ఒడ్డునే ఉన్న పార్లమెంటులో సభ్యులు కూర్చోలేకపోయారు. అంతవరకు నిధులు లేవన్న ప్రభుత్వం కొద్దిరోజుల్లోనే చట్టం చేసింది. బాజల్‌గెట్ అనే ఇంజనీరు నదికి సమాంతరంగా పెద్ద పెద్ద మురుగు కాలువలు కట్టి, మురుగును ఊరు దాటించి దిగువకు పంపాడు. 1866లో లండన్‌కు కలరా మళ్ళీ వచ్చింది. అప్పుడు ముఖ్యంగా దెబ్బతిన్నది తూర్పు లండన్. బాజల్‌గెట్ పని పూర్తికాని ప్రాంతం అదే! ఇంతకన్నా వేరే సాక్ష్యం అవసరం లేదు.

ఇక మన హైదరాబాదు సంగతి. 1591లో నగరం వెలిసే నాటికే, అంటే సుమారు 1562 నుంచి, హుస్సేన్ సాగర్ ఉంది. తరువాతి కాలంలో మీర్ ఆలం చెరువు వచ్చింది. ఇళ్ళల్లో బావులుండేవి. వాడిన నీరు సందుల్లోని కాలువల గుండా మూసీలోకి పోయేది. 1908 సెప్టెంబరు 28న ఆ మూసీకి వరద వచ్చి ఊరిని ముంచెత్తింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పే మాట మనందరికీ తెలిసినదే.

మరుసటి సంవత్సరం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆయన ఆనకట్టలు కట్టించి వరద ఆపాడని మాత్రమే మనలో చాలామందికి తెలుసు. కాని ప్రభుత్వం ఆయనకు అప్పగించిన పనులు మూడు. నగరాన్ని తిరిగి కట్టడంలో సలహా ఇవ్వడం ఒకటి. మళ్ళీ వరద రాకుండా ఉపాయం చెప్పడం రెండోది. చాదర్‌ఘాట్‌తో కలిపి నగరమంతటికీ మురుగు పారుదల పథకం తయారుచేయడం మూడోది. విశ్వేశ్వరయ్య గారు అప్పటికే బొంబాయి రాష్ట్రంలో ఎన్నో ఊళ్ళ నీటి పథకాలు, మురుగు పథకాలు చూసినవారు. ఏడెన్ నగరానికి కూడా 1906లో ఇదే పని మీద వెళ్ళివచ్చారు. పైన కురిసిన వాన, ఊరు తాగే నీరు, ఊరు వదిలే మురుగు, ఈ మూడింటినీ ఆయన ఒకే పనిగా చూశారు. ఆయన గొప్పతనం అక్కడుందని నా అభిప్రాయం.

1911లో ప్లేగు వచ్చింది. ఇరుకు సందులు, నిలవ మురుగు ఉన్న పేటల్లో అది ఎక్కువగా పట్టుకుంది. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడి అలాంటి పేటలను వెడల్పు చేసే పని చేపట్టింది. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసా నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. గండిపేట అని మనం పిలిచేది ఉస్మాన్ సాగర్‌నే. భూగర్భ మురుగునీటి వ్యవస్థ 1931 నాటికి రూపుదిద్దుకుంది. అప్పటి నాలుగున్నర లక్షల పైచిలుకు జనాభాకు, సుమారు 54 చదరపు కిలోమీటర్లకు సరిపోయేలా దాన్ని వేశారు. నగరం పడమట ఎత్తు, తూర్పున పల్లం కనుక పంపులు, ఇంధనం అవసరం లేకుండా మురుగు తనంతట తానే అంబర్‌పేట వైపు పారేలా వాలు చూశారు.

ఈ వాలు గురించి ఒక్క మాట. కుళాయి గొట్టంలో నీరు ఒత్తిడి మీద నడుస్తుంది కనుక అది ఎక్కడికైనా ఎక్కుతుంది. మురుగు గొట్టంలో నీరు కేవలం వాలు మీదే నడవాలి. నాలుగంగుళాల గొట్టమైతే నలభై అడుగులకు ఒక అడుగు, ఆరంగుళాలైతే అరవై అడుగులకు ఒక అడుగు, తొమ్మిదంగుళాలైతే తొంభై అడుగులకు ఒక అడుగు దిగాలని మాకు నేర్పిన లెక్క. వాలు తక్కువైతే మడ్డి పేరుకుంటుంది. ఎక్కువైతే నీరు ముందు పోయి మడ్డి వెనక ఉండిపోతుంది. తవ్విన కందకంలో తాడు పట్టి, చెక్క గుర్తులు పాతి, కంటితో గురి చూసి ఈ వాలు కుదిర్చిన మేస్త్రీలు ఉండేవారు. కందకం పూడ్చాక వారి పనితనం ఎవరికీ కనిపించదు. బాగా చేసిన పని కనిపించకుండా పోవడమే ఈ వృత్తి లక్షణం.

అలాగే ప్రతి ఇంట్లోనూ ఉండి ఎవరూ గమనించని వస్తువు ట్రాపు. మరుగుదొడ్డి కింద, వాష్‌బేసిన్ కింద గొట్టం వంకర తిరిగి ఉంటుంది. ఆ వంపులో రెండంగుళాల నీరు ఎప్పుడూ నిలిచి ఉంటుంది. మురుగు కాలువలోని విషవాయువు, బొద్దింకలు, దుర్వాసన ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ కాస్త నీరే. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు మరుగుదొడ్డికి ఈ వంపు జోడించి పేటెంటు తీసుకున్నాడు. రెండంగుళాల నీటి తలుపు లేకపోతే ఇన్ని అంతస్తుల అపార్ట్‌మెంట్లలో మనం ఒక పూట కూడా కాపురం చేయలేం. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2007లో, 1840 తరువాత వైద్యరంగంలో వచ్చిన గొప్ప ముందడుగు ఏదని తన పాఠకులను అడిగింది. పదకొండు వేల మందికి పైగా ఓటు వేశారు. యాంటీబయాటిక్ మందులు, మత్తుమందు, టీకాలు అన్నీ వెనకబడి పారిశుద్ధ్యానికి మొదటి స్థానం వచ్చింది.

ఇంతవరకు గొట్టాల చరిత్ర. గొట్టాలు లేని చోట ఆ పని చేసిన మనుషుల చరిత్ర కూడా చెప్పకపోతే వ్యాసం సగమే అవుతుంది. మన తరం వారికి పాకీదొడ్లు గుర్తుండే ఉంటాయి. కోస్తాలో మా ఊళ్ళో ప్రతి పెరటి గోడకూ అడుగున ఒక చిన్న తలుపు ఉండేది. తెల్లవారకముందే ఒక స్త్రీ తట్ట, రేకు, చీపురు, బూడిద పట్టుకుని ఆ తలుపు గుండా వచ్చి శుభ్రం చేసి, తట్ట నెత్తిన పెట్టుకుని పోయేది. ఆమెకు మా వీధి వాకిలి తెలియదు. పండగనాడు మిగిలిన అన్నం కూడా ఆ పెరటి వైపే ఇచ్చేవారు. ఊరంతా ఆరోగ్యంగా ఉండడానికి కారణమైన మనిషిని ఊరంతా కలిసి అంటరానిదానిగా ఉంచింది. 1901లో కలకత్తా కాంగ్రెసు సభలకు వెళ్ళిన గాంధీజీ అక్కడి మరుగుదొడ్ల స్థితి చూసి స్వయంగా చీపురు పట్టుకున్నారు. అది చూసి ఆశ్చర్యపోయినవారే ఎక్కువ, అనుసరించినవారు తక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు పని నేర్పింది ఇంజనీరింగు పుస్తకాలకన్నా ఎక్కువగా ఒక వృద్ధ కార్మికుడు. మ్యాన్‌హోల్ మూత తీసి, వంగి, నీటి చప్పుడు విని, అడ్డు ఎగువన ఉందో దిగువన ఉందో చెప్పేసేవాడు. మూత తీయగానే ఎవరినీ దిగనిచ్చేవాడు కాదు. అటూ ఇటూ ఉన్న మూతలు కూడా తీయించి గాలి ఆడనిచ్చి, ఆ తరువాత దీపం దించి చూసేవాడు. "నీళ్ళ ట్యాంకు కాడ మంత్రిగారి పేరుతో రాయి ఉంటది సాబ్. మా మూత మీద దాన్ని పోతపోసిన ఫ్యాక్టరీ పేరు తప్ప ఇంకేముంటది" అని నవ్వేవాడు. నేను ఇప్పటికీ రోడ్డు మీద నడుస్తూ మూతల మీద పేర్లు చదువుతూ ఉంటాను.

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ చాలా మాయదారి వాయువు. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు రెండు శ్వాసల్లో పడిపోతాడు. 1980లలో నేను పనిచేసిన ఒక ఊళ్ళో, రాత్రి పడిన వానకు ఒక లైను పూడుకుపోయింది. గుత్తేదారు ఎక్కడినుంచో ఇద్దరు కూలీలను తెచ్చి, గాలి ఆడనివ్వకుండానే దింపాడు. మొదటివాడు పడిపోయాడు. వాణ్ణి పైకి లాగాలని రెండోవాడు దిగాడు. ఇద్దరూ పోయారు. వారి పేర్లు ఏ మస్టరు రోల్‌లోనూ లేవు కనుక నష్టపరిహారం కాగితాలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు తిరిగాయి. ఒకరి భార్య చంకలో బిడ్డతో మూడేళ్ళు ఆఫీసు మెట్ల మీద కూర్చోవడం నేను చూశాను. చివరకు ఆమె రావడం మానేసింది. ఆమెకు ఏమీ రాలేదు.

ఇలాంటి మరణాలు లెక్కలోకి రావడానికి చాలాకాలం పట్టింది. చేతులతో మలం ఎత్తించడాన్ని, పొడి మరుగుదొడ్లు కట్టడాన్ని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో చట్టం చేసింది. అలాంటి చట్టం కావాలని ముందుగా తీర్మానం చేసిన ఆరు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయినా పొడి దొడ్లు వెంటనే పోలేదు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో, ఈ పనే చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ గారు 1990లలో సఫాయి కర్మచారి ఆందోళన్ ప్రారంభించారు. ఐ.ఏ.ఎస్. అధికారిగా మన రాష్ట్రంలో పేదల పక్షాన నిలిచిన ఎస్.ఆర్. శంకరన్ గారు పదవీ విరమణ తరువాత ఆ ఉద్యమానికి అండగా ఉన్నారు. పింఛనుదారు ఏం చేయగలడు అనుకునే మనకు ఆయన జీవితం ఒక జవాబు. ఆ ఉద్యమం 2003లో సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 2013లో మరింత గట్టి చట్టం వచ్చింది. 2014 మార్చి 27న కోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతివారి కుటుంబానికీ పది లక్షల రూపాయలు ఇవ్వాలని ఆదేశించింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని ముప్పై లక్షలకు పెంచింది. విల్సన్ గారికి 2016లో మెగసెసే అవార్డు వచ్చింది. మెట్ల మీద కూర్చున్న ఆ తల్లి ఇప్పుడు ఎక్కడుందో!

మళ్ళీ హైదరాబాదు గొట్టాల దగ్గరికి వస్తాను. 1931 తరువాత ఏం జరిగింది? నీళ్ళ సగం బాగానే సాగింది. 1965లో మంజీరా నీరు వచ్చింది. 1989లో నీటి సరఫరా, మురుగు పారుదల రెండింటికీ కలిపి ప్రత్యేక బోర్డు ఏర్పడింది. 2004లో కృష్ణ, 2015లో గోదావరి వంద కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మన కుళాయిలకు చేరాయి. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవాలు, పూలదండలు అన్నీ జరిగాయి. కాని ఊళ్ళోకి వచ్చిన ప్రతి బిందె నీటికీ దాదాపు ముప్పాతిక బిందె మురుగు బయటికి పోవాలి. ఆ లెక్కన రెండో సగం పెరగలేదు. కొత్త కాలనీల మురుగు దగ్గరలో ఉన్న నాలాలోకి పోయింది. నాలాలు హుస్సేన్ సాగర్‌లోకి, మూసీలోకి పోయాయి. ఒకప్పుడు ఊరికి తాగునీరిచ్చిన హుస్సేన్ సాగర్ దగ్గర ముక్కు మూసుకోవలసి వచ్చింది. మూసీ దిగువ గ్రామాల రైతులు మన ఇళ్ళల్లోంచి పోయిన నీటితోనే పశువుల గడ్డి పెంచుకున్నారు. గత కొన్నేళ్ళలో శుద్ధి కేంద్రాలు చాలా కట్టారు, ఇంకా కడుతున్నారు, సంతోషం. అయితే ఎనభై ఏళ్ళ బాకీ ఒకనాటితో తీరేది కాదు.

ఆ బాకీ ఎలా వసూలవుతుందో 2009 మే నెలలో భోలక్‌పూర్ చూపించింది. తాగునీరు కలుషితమై, వాంతులు, విరేచనాలతో వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. పదిమందికి పైగా చనిపోయారు. పాత బస్తీల్లో మంచినీటి గొట్టం, మురుగు గొట్టం పక్కపక్కనే పడుకుని ఉంటాయి. రోజు విడిచి రోజు గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే చోట, నీరు ఆగిపోగానే గొట్టం ఖాళీ అయి లోపలికి పీలుస్తుంది. ఎక్కడ చిన్న చిల్లు ఉన్నా పక్కనున్న మురుగు అందులోకి చేరుతుంది. మర్నాడు కుళాయి తిప్పితే ముందు వచ్చేది అదే. లండన్‌లో 1854లో జరిగినదీ ఇదే జాతి ప్రమాదం. వచ్చే గొట్టం ఒకటి, పోయే గొట్టం మరొకటి అని మనం అనుకుంటాం. నిర్లక్ష్యం చేస్తే అవి రెండూ ఒకటే అవుతాయి.

పెద్ద పనులు ప్రభుత్వాలు చేయాలి. మన చేతిలో ఉన్నవి కొన్ని మనవి చేసి ముగిస్తాను. పిల్లలు విదేశాల్లో ఉండి పై అంతస్తు వాడకుండా ఉన్న ఇళ్ళు మన సభ్యులలో చాలా ఉన్నాయి. అక్కడి బాత్‌రూము ట్రాపుల్లో నీరు ఎండిపోతుంది. పదిహేను రోజులకొకసారి ఒక చెంబు నీళ్ళు పోయండి, వాసన, బొద్దింకలు రావు. మేడ మీద వాన నీటిని మురుగు చాంబరులోకి కలపకండి. వానాకాలంలో వీధిలో మ్యాన్‌హోళ్ళు పొంగడానికి అదొక ముఖ్య కారణం. వంట నూనె, గుడ్డ పేలికలు, ప్లాస్టిక్ సంచులు దొడ్డిలో వేయకండి. అడ్డుపడినవాటిని తీయవలసింది ఎవరో తెలుసు కదా. సెప్టిక్ ట్యాంకు ఉంటే రెండు మూడేళ్ళకొకసారి యంత్రంతో తీయించండి. నాలుగు డబ్బులు తక్కువకు మనిషిని దింపుతానని ఎవరైనా వస్తే మీ గేటు దాటనివ్వకండి. అది చట్టరీత్యా నేరం, అంతకుమించి పాపం.

మనుమలు సెలవులకు వచ్చినప్పుడు వారిని గండిపేట గట్టు మీదికి తీసుకువెళ్ళి చూపిస్తాం. మంచిదే. ఆ నీరు చివరికి ఎక్కడికి పోతుందో, దాన్ని అక్కడికి చేర్చడానికి నేల కింద ఎవరెవరు పనిచేశారో కూడా వారికి చెబుదాం. రేపు వారిలో ఎవరైనా ఇంజనీరో, అధికారో, కౌన్సిలరో అయితే రెండో సగాన్ని మరిచిపోకుండా ఉంటారు.